ఉబ్బసపు మందు – గుండెదడ



వరికోతల దినములలో కోతయంత్రములు లేపు దుమ్ము మా అనంతగిరి యిండ్లలోనికి వచ్చిపడును. ఉబ్బసము గలవారికి అది గడ్డుకాలము. గడచిన కోతలనాడు మా పొరుగింటి పెద్దమ్మగారు ఆరు దినములు పీల్చుమందు మానివేసి, ఒక అర్ధరాత్రమున మాటయైన పెగలని స్థితిలో కోదాడ వైద్యుని కడకు చేరవలసివచ్చెను. తేరుకొనిన పిదప, ఏల మానితిరని మేమడుగగా, “అమ్మాయీ, అది పీల్చిన కొంతసేపటికే గుండె దడదడలాడును, చేతులు వణకును. ఊపిరి కొరకు గుండెను తాకట్టు పెట్టుదునా?” అనిరి. ఈ భయము మన యిండ్లలో పలువురకు కలదు. అందు నిజమెంతయో ఈ మాసము విచారింతము.

శ్వాసనాళముల చుట్టును సన్నని కండరములు కలవు. ఉబ్బసమున అవి బిగిసికొనును. సాల్బ్యుటమాల్ వంటి మందు వానియందలి బీటా-2 అను గ్రాహకములను తాకి సడలించును. గుండెయందు ముఖ్యముగా నున్నవి బీటా-1 గ్రాహకములే యైనను, బీటా-2 కూడ కొన్ని కలవు. కావున మందు నెత్తురులో కలసినంతమేర గుండెను సైతము తట్టును. అంతియ కాదు. కాలుసేతుల కండరములలోని రక్తనాళములు వెడల్పగును. రక్తపుపోటు తగ్గబోగా దానిని నిలుపుటకై గుండె వేగము హెచ్చించును. నెత్తురులోని పొటాసియము కణములలోనికి జొచ్చును. అది మిక్కిలి తగ్గినచో గుండె లయ తప్పవచ్చును. మూత్రము హెచ్చుగా పోవుటకు మాత్రలు వాడువారు ఈ విషయమున మరింత జాగరూకత వహింపవలయును.

అయినను మోతాదును చూడుడు. సాధారణముగా ఒక్క పీల్పునకు 100 మైక్రోగ్రాముల మందు వచ్చును. 4 మిల్లీగ్రాముల మాత్ర యొక్కటి 40 పీల్పులతో సమానము. పీల్చినది తిన్నగా శ్వాసనాళములకు పోవును. మ్రింగినది ఒడలెల్ల తిరిగి అచటికి చేరును. కూరలో చిటికెడుప్పును దోసెడుప్పును ఒక్కటియగునా? కావుననే మాత్రకంటె పీల్చుమందు గుండెకు సుఖము. స్పేసరు గొట్టము తగిలించి పీల్చిన గొంతులో నిలుచునది తగ్గును.

థియోఫిలిన్ అను మాత్ర కాఫీయందలి కెఫీనునకు దగ్గరి చుట్టము. దాని మేలుచేయు మోతాదునకును కీడుచేయు మోతాదునకును ఎడము స్వల్పము. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందు తోడైనచో నెత్తురులో అది పెరిగి గుండె లయ చెడవచ్చును.

వినాయకచవితి పత్రిలో మనమెరిగిన ఉమ్మెత్త కథయు వినదగినది. ఉబ్బసమునకు దాని పొగ పీల్చు మన దేశాచారము 1802 ప్రాంతమున మద్రాసునుండి బ్రిటనునకు చేరెను. అందలి అట్రోపిన్ శ్వాసనాళములను తెరచును గాని, గుండెను పరుగెత్తించును, మతిని చెదరగొట్టును. దానిని మార్చి చేసిన ఇప్రాట్రోపియం పీల్చినపుడు నెత్తురులో కొలదిగనే చేరును. ఇంటిలో ఉమ్మెత్త పొగ ఎన్నడును పట్టరాదు.

భయము కూడదు, అలక్ష్యమును కూడదు. 1960వ దశకమున ఇంగ్లండు, వేల్సులలో గాఢమగు ఐసోప్రెనలిన్ పీల్చుమందు ప్రబలిన కాలముననే ఉబ్బస మరణములు హెచ్చెను. మందే గుండెను చెరచినదా, దానిని నమ్మి రోగులు వైద్యుని చేర నాలసించిరా యని పండితులు చిరకాలము వాదించిరి. మనకు రెండును పాఠములే. ఉపశమనపు మందు మాటిమాటికి కావలసివచ్చుచున్నదన్న, లోపలి వాపు అణగలేదని యర్థము. దానికి స్టెరాయిడు పీల్చుమందు వేరుగ కలదు. వైద్యుడు చెప్పినంతకాలము దానిని మానరాదు.

పీల్చిన పిమ్మట కొంతసేపు దడ, వణకు కలిగి తగ్గుట సామాన్యము. రొమ్మునొప్పి, సొమ్మ, నాడి తప్పి తప్పి కొట్టుట కనుపించిన తడవుసేయక వైద్యుని చేరవలయును. గుండెజబ్బు గలవారు ఉబ్బసమును, ఉబ్బసము గలవారు గుండెజబ్బును దాచక చెప్పవలయును. ఏలయన, గుండెకిచ్చు ప్రొప్రనొలాల్ వంటి మందు శ్వాసనాళములను బిగింపవచ్చును.

కోదాడ వైద్యుడు పెద్దమ్మగారితో పలికిన మాట మాకు మరపురాదు: “అమ్మా, మందువలని దడకంటె ఊపిరాడనినాటి దడ గుండెకు మిక్కిలి బరువు.” నేడామె తలగడ ప్రక్కనే పీల్చుమందు నుంచుకొనుచున్నారు, ఎన్నిమారులు పీల్చినదియు గోడమీది క్యాలెండరుపై గీతలు గీయుచున్నారు. మీ యింటనుండు పెద్దలకును ఆ గీతలు నేర్పుడు.