అక్టోబరు కనుమకు ఒక రోజు అదనం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు పెదవాల్తేరులో ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న నాకు ఆ గాలి హోరు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, పాల ప్యాకెట్ కోసం బారులు తీరాం. కానీ ఆ గాలి వస్తోందని మాకు ముందే తెలుసు. రోజుల తరబడి టీవీలు చెప్పాయి, ఊళ్లో మైకులు తిరిగాయి, తీరం వెంట పల్లెలను ఖాళీ చేయించారు.

మా దగ్గర శాంతించిన ఆ తుపాను అక్కడితో ఆగలేదు. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా నేపాల్ చేరి, రెండు రోజుల్లో అన్నపూర్ణ పర్వతాలను తాకింది. విశాఖ నుంచి దాదాపు సూటిగా ఉత్తరానికి, సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో థొరాంగ్ లా అనే కనుమ ఉంది. ఎత్తు 5,416 మీటర్లు. మాకు వానగా వచ్చింది అక్కడ మంచై కురిసింది. 14వ తేదీన కనుమ మీద ఉన్నవాళ్లకు దారి కనబడలేదు. అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో విదేశీ ట్రెకర్లున్నారు, నేపాలీ గైడ్లూ పోర్టర్లూ ఉన్నారు. మా వీధి చివరి ఇంటికి కూడా అందిన హెచ్చరిక ఆ కొండ మీద వాళ్లకు అందలేదు.

కొన్నేళ్ల తర్వాత నేనూ ఆ కనుమ దాటాను. కనుమ అడుగున ఉన్న మజిలీ థొరాంగ్ ఫేదీ నుంచి తెల్లవారుజామున చీకట్లోనే తలకు దీపం కట్టుకుని బయలుదేరాం. పొద్దెక్కితే పైన గాలి లేస్తుంది, అది లేవకముందే దాటేయాలి. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగమే. పది అడుగులు వేసి ఆగాలి, మళ్లీ పది అడుగులు. మా గైడ్ నోట ఒకటే మాట, ‘బిస్తారై, బిస్తారై’, మెల్లగా అని. పైన జెండాలు, ఒక బోర్డు, చిన్న టీ కొట్టు. అందరూ అక్కడ ఫొటోలు తీసుకుని గండం గడిచిందనుకుంటారు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. అక్కడి నుంచి ముక్తినాథ్‌కు 1,600 మీటర్ల దిగుడు. మన ఊళ్ల నుంచి దివ్యదేశమని జీపుల్లో వెళ్లి దర్శనం చేసుకునే ముక్తినాథే అది. 2014లో చాలామంది ప్రాణాలు పోయింది ఈ దిగుడులోనే. నేను దిగిన రోజు ఎండ కాస్తోంది. అయినా చుట్టూ ఒకే రంగు రాళ్లు, ఒకేలాంటి వాలు. ఇక్కడ మంచు కప్పేస్తే ఎటు దిగాలో ఎలా తెలుస్తుందని అడుగడుగునా అనిపించింది.

అందుకే హైదరాబాద్, బెంగళూరుల నుంచి సెలవులు లెక్కపెట్టుకుని బయలుదేరే మన పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మీ ప్రణాళికలో ఒక రోజైనా అదనంగా ఉండాలి. అది లేకుండా ప్యాకేజీ అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

ఇప్పుడు జీపు రోడ్డు ఈ కనుమ దారిలోని మనాంగ్ దాకా పడింది. 760 మీటర్ల ఎత్తులోని బేసీసహర్‌లో పొద్దున ఎక్కితే రాత్రికి 3,500 మీటర్ల మీద పడుకోవచ్చు. రోడ్డు వేగంగా తీసుకెళ్తుందని ఒంట్లో రక్తం అంత వేగంగా మారదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రం సీజన్‌లో ఈ విషయాలు కూర్చోబెట్టి చెబుతుంది. తలనొప్పి, వాంతి ఉంటే పైకి కదలకూడదు. అడుగు తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. విమానం టికెట్ రేపటికి ఉన్నవాడు ఆ తలనొప్పిని దాచిపెడతాడు.

ఫేదీలో మా పక్క గదిలో ఒక కుర్రాడు రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. ఆగుదామని వాళ్ల గైడ్ అన్నాడు. కింద నుంచి నిర్వాహకుడు ఫోన్‌లో, షెడ్యూల్ మారదు, నడిపించమన్నాడు. గైడ్ తల దించుకుని బూట్లు కట్టుకున్నాడు. మా గైడ్ వెళ్లి ఆ కుర్రాడి పక్కన కూర్చుని, ఇద్దరికీ సర్దిచెప్పి, కిందికి పంపించాడు. ఆ పని చేసినందుకు తర్వాత ఎవరెవరు ఏమనబోతారో అతనికి బాగా తెలుసు.

2023 ఏప్రిల్ నుంచి నేపాల్‌లో ఒంటరి విదేశీ ట్రెకర్లకు గైడ్ తప్పనిసరి అన్నారు. మంచిదే. కానీ ఆగమని చెప్పే అధికారం లేని గైడ్ పక్కన ఉండి ఏం లాభం? వాతావరణం బాగోలేదని అతనంటే కింద ఆఫీసులో ఉన్నవాడు కాదనకూడదు. ఆ షరతు ఒప్పందంలో రాసి ఉండాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి డబ్బు. ఆగిన రోజు ఖర్చు ఎవరు భరించాలి? మనం లాడ్జిలో దుప్పటి కప్పుకుని విశ్రాంతి అనుకునే రోజు, మన బరువు మోసే పోర్టర్‌కు ఎన్నోచోట్ల కూలి లేని రోజు. కూలి రాదని తెలిస్తే అతను కూడా మబ్బు చూసి మౌనంగా మూట ఎత్తుకుంటాడు. 2014 మంచులో చిక్కుకున్న ఎందరో పోర్టర్ల కాళ్లకు ఉన్నవి మన బూట్లలాంటివి కావు.

బంగాళాఖాతానికి అక్టోబరు తుపానుల నెల. హిమాలయాలకు అదే నెల ట్రెకింగ్ సీజన్. ఈ రెండూ ఏటా కలిసే వస్తాయి. కాబట్టి అక్టోబరులో ఎత్తైన కనుమకు వెళ్లేవాళ్లు తీరంలో తుపాను ఉందా అని మనాంగ్ చేరాక కూడా చూసుకోవాలి. ఫోన్ పనిచేయకపోతే లాడ్జివాళ్లను, వైద్య కేంద్రాన్ని అడగాలి. డబ్బు కట్టేముందు నిర్వాహకుణ్ని సూటిగా అడగండి: అదనపు రోజు ఉందా, ఆగాలన్న గైడ్ మాట చెల్లుతుందా, ఆ రోజు పోర్టర్ కూలి ఎంత, అతనికి దుప్పటి, బూట్లు ఎవరు ఇస్తారు? కాగితం మీద జవాబు ఇవ్వని సంస్థను వదిలేసి ఇంకొకరిని చూసుకోండి.