ఒక్క గుర్తు తప్పితే... కంప్యూటర్ ఫట్!

నాయుడుపేట బజారులో ఓ కిరాణా కొట్టుకి చీటీ వచ్చిందనుకోండి. ‘కందిపప్పు పాత బియ్యం చింతపండు’... అంతే, మధ్యలో కామాల్లేవు. పాతవి కావాల్సింది బియ్యమా, పప్పా? ‘చీటీ ఇట్టా రాస్తే ఎట్టమ్మా?’ అంటాడు కొట్లో కుర్రాడు. ‘పాత బియ్యం’ అన్న రెండు మాటలకీ అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే గొడవే లేదు. రెండూ కలిసి ఒకే సరుకని తెలిసిపోతుంది. మరి రెండో గుర్తు పెట్టడం మర్చిపోతే..? చింతపండు కూడా బియ్యంలో కలిసిపోతుంది! కుర్రాడైతే ఫోన్ చేసి అడుగుతాడు. కంప్యూటర్ అడగదు.

లినక్స్‌తో నడిచే కంప్యూటర్లోనూ ఇలాంటి చీటీ ఒకటుంటుంది. ఆన్ చేయగానే ‘గ్రబ్’ అనే చిన్న ప్రోగ్రాం దాన్ని కెర్నెల్‌కి, అంటే సిస్టమ్ గుండెకాయకి అందిస్తుంది. ఏ డిస్కు నుంచి మొదలవ్వాలి, తెరమీద మెసేజ్‌లు చూపాలా వద్దా... ఇలాంటి ఆదేశాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఆదేశానికీ ఆదేశానికీ మధ్య హద్దు ఖాళీ జాగానే. ఆదేశంలోనే ఖాళీ ఉంటే డబుల్ కొటేషన్లలో పెట్టాలి.

చిక్కెక్కడంటే... ఈ చీటీని కెర్నెల్ ఒక్కటే చదవదు. దాని తర్వాత లేచే ప్రోగ్రాములూ చదువుతాయి. వాటిలో మొదటిది ‘ఇనిట్’. మిగతావన్నీ దాని వెనకే మొదలవుతాయి. కొటేషన్ల సంగతి కెర్నెల్‌కి తెలుసు. ఇనిట్ రాసినవాళ్లు దాన్ని సరిగా పట్టించుకోకపోతే మాత్రం, అది ముగింపు గుర్తు కోసం వెతుకుతూ వరుస చివర దాటిపోవచ్చు. తనది కాని మెమరీలో వేలు పెట్టి కుప్పకూలొచ్చు. ఇనిట్ పోయిందంటే కెర్నెల్ కూడా ‘ప్యానిక్’ అని చెప్పి ఆగిపోతుంది.

ఒకే చీటీని ఇద్దరు చదివితే వచ్చే తంటా పెద్దవాళ్లనీ వదల్లేదు. 2014లో ‘డీబగ్’ అనే ఒక్క మాట దగ్గర పెద్ద రగడే జరిగింది. అది తనకోసమే అనుకుని ‘సిస్టమ్‌డి’ అనే ఇనిట్ ప్రోగ్రాం కూడా కెర్నెల్ చిట్టాలోకి మెసేజ్‌లు కుమ్మరించేసింది. దాంతో కంప్యూటర్ మొదలవ్వని పరిస్థితి. 1991లో లినక్స్‌కి శ్రీకారం చుట్టిన లినస్ టోర్వాల్డ్స్‌కి కోపం వచ్చి, ఆ ప్రోగ్రాం రాసినవారిలో ఒకరి కోడ్‌ని ఇక తీసుకోనని తెగేసి చెప్పాడు.

ఇదంతా మనకెందుకంటారా? తెర నల్లగా ఆగిపోగానే చాలామంది ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనేస్తారు. పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫొటోలు అన్నీ దాంతోనే మాయం! తప్పు చీటీలో ఉన్నప్పుడు డిస్కులోని ఫైళ్లకేమీ కాదు. ఆన్ చేసేటప్పుడు ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే గ్రబ్ పట్టిక వస్తుంది. అక్కడ ‘ఇ’ అక్షరం నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుసలో కొత్తగా చేర్చిన ఆదేశాన్ని తీసేసి, ఎఫ్10 నొక్కి చూడాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. సిస్టమ్ లేచాక సెట్టింగుల ఫైల్లోనూ సరిచేయాలి.

చీటీ తప్పు రాస్తే కొట్టుకి నిప్పు పెట్టుకోం కదా! ముందు చీటీ చూడమని అడగండి. ఫార్మాట్ సంగతి ఆ తర్వాత.