పసుపు మంచిదే... కానీ ఎంతవరకు?

దెబ్బ తగిలితే చిటికెడు పసుపు అద్దడం, జలుబు చేస్తే వేడి పాలల్లో కలిపి తాగించడం తెలుగిళ్లలో తరతరాలుగా ఉన్నదే. గాయాలను మాన్పే ఈ గుణం మీదే అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం 1995లో పేటెంట్ పొందింది. ఇది భారతీయులకు ఎప్పట్నుంచో తెలిసిన వైద్యమేనంటూ మన సీఎస్ఐఆర్ ఆధారాలు చూపడంతో 1997లో అది రద్దయింది. అయితే ఆ గెలుపు పసుపు వైద్యం పాతదేనని తేల్చింది తప్ప, పసుపు సర్వరోగ నివారిణి అని కాదు.

చెంచాలో ఎంత మందు?

పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉంది. కానీ వంద గ్రాముల పసుపులో అది ఉండేది సుమారు 3 గ్రాములే. పైగా పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. మోకాళ్ల అరుగుదలపై జరిగిన పరీక్షల్లో కొందరికి నొప్పి తగ్గిన మాట నిజమే. కానీ వాటిలో ఇచ్చింది వందల మిల్లీగ్రాముల కర్‌క్యుమిన్ ఉన్న గుళికలు. పప్పులో వేసే పసుపుతో అంత ఫలితం ఆశించలేం.

గుళికలతో జాగ్రత్త

కర్‌క్యుమిన్ బాగా ఒంటబట్టడానికి చాలా గుళికల్లో మిరియాల సారం కలుపుతారు. ఇలాంటివి వాడినవారిలో అరుదుగా కాలేయం దెబ్బతింటోంది. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2023లో దీనిపై హెచ్చరించింది కూడా. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు. ఆపరేషన్‌కు ముందు గుళికలు వాడుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇవి గుర్తుంచుకోండి

* లోతైన గాయాలకు, కాలిన పుండ్లకు, పసికందు బొడ్డుకు పసుపు పెట్టొద్దు. ధనుర్వాతాన్ని ఆపేది టీకాయే.

* కుక్క కరిస్తే పసుపు, కారం అద్దకుండా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

* మధుమేహానికి, క్యాన్సర్‌కు వాడే మందులు మానేసి పసుపును నమ్ముకోవద్దు.

* మరీ మెరిసిపోయే పొడిలో సీసంతో కూడిన రంగు కలిసి ఉండొచ్చు. ఇది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. నమ్మకమైన చోట కొమ్ములు కొని మర పట్టించుకోవడం మేలు. అయితే కొమ్ములకూ రంగు పూసే మోసాలున్నాయి కాబట్టి, చేతికి రంగు బాగా అంటుకునేవి తీసుకోవద్దు.

కూరలో, చారులో, పాలల్లో వేసే పసుపుతో భయమేమీ లేదు. చిన్న జలుబుకు, గొంతు గరగరకు హాయిగా వాడుకోవచ్చు. జ్వరం మూడు రోజులకు మించినా, ఆయాసం వచ్చినా మాత్రం పసుపు పాలతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.