టేపు పట్టండి, పుస్తకం తెరవండి

ఉదయగిరి, ఆత్మకూరు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ!

కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, శరీర కొలతల పరీక్ష దాకా వెళ్ళిన ప్రతి కుర్రాడి ఛాతీ చుట్టూ ఒక రోజు టేపు తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం సివిల్ కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్ళకు 167.6 సెంటీమీటర్ల ఎత్తుండాలి. ఊపిరి నిండా పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పీల్చకముందుకీ పీల్చిన తర్వాతకీ కనీసం 5 సెంటీమీటర్ల తేడా కనిపించాలి. ఎత్తు మీ చేతిలో లేదు. ఛాతీ చాలావరకు మీ చేతిలోనే ఉంది. అలాంటప్పుడు మైదానంలో ఎవరో ముక్కూమొహం తెలియని ఉద్యోగి కొలిచి చెప్పేదాకా మీ ఛాతీ ఎంతో మీకు తెలియకపోవడం ఏమిటి? ఇంట్లో టేపు ఉంది. లేకపోతే వీధి చివర దర్జీ దగ్గర ఉంది. తీసుకోండి!

శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు పేరు వినే ఉంటారు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి దాన్ని తెంచేవారు. ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకునేవారు. జనం ఆయన్ని కలియుగ భీముడన్నారు. ఆయన వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడన్న సంగతి మాత్రం తక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. గొలుసు తెగడం అందరూ చూశారు. దాని వెనక ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా సాగిన సాధన ఎవరి కంటా పడలేదు. మీకు కావలసింది ఆ సాధన. అది సాగుతోందో ఆగిపోయిందో చెప్పేవి టేపూ, కొలతలు రాసుకునే పుస్తకమూ.

కొలవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, శ్రద్ధగా చేయకపోతే పుస్తకం నిండా అబద్ధాలే మిగులుతాయి. పాత గుడ్డ టేపు సాగిపోయి ఉంటుంది, ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. పొద్దున లేచి, ఏమీ తినకముందు, కసరత్తు మొదలుపెట్టకముందు కొలవండి. బరువులెత్తిన వెంటనే కండల్లోకి రక్తం చేరి చేయి ఉబ్బుతుంది. అద్దంలో చూసి మురిసిపోతారు. కాసేపటికి ఆ ఉబ్బు తగ్గిపోతుంది. దాన్ని కొలిచి రాసుకుంటే వచ్చే నెల మీరు తగ్గిపోయినట్టే లెక్క తేలుతుంది.

చేయి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. భుజం చివరి ఎముక నుంచి మోచేతి మొన దాకా కొలిచి, సరిగ్గా మధ్యలో పెన్నుతో చుక్క పెట్టండి. ఆ చుక్క భుజం నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో పుస్తకంలో రాయండి, రేపు చుక్క చెరిగిపోయినా చోటు మారకూడదు. చేయి వదులుగా వేలాడేసినప్పుడు ఒక కొలత, బిగించినప్పుడు మరో కొలత. ఛాతీ చనుమొనల మట్టంలో, నడుము బొడ్డు మట్టంలో, తొడ గజ్జకీ మోకాటిచిప్పకీ నడుమ, పిక్క బాగా లావుగా ఉన్నచోట. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. వీపు మీద టేపు కిందికి జారితే సెంటీమీటర్లు తారుమారవుతాయి కాబట్టి ఛాతీ కొలిచేటప్పుడు స్నేహితుణ్ణి పిలవండి. ఒక్కోచోట మూడుసార్లు కొలిచి సగటు రాయండి. నాలుగు వారాలకు ఒకసారి చాలు. రోజూ కొలిచేవాడికి దక్కేది బెంగే.

30 సెంటీమీటర్ల చేయి 31 అయిందనుకోండి. ఇంతేనా అని నీరసపడకండి! చుట్టుకొలతలో ఆ ఒక్క సెంటీమీటరు పెరిగితే చేతి అడ్డుకోత వైశాల్యం దాదాపు 7 శాతం పెరిగినట్టు. మొదటి కొన్ని వారాలు టేపు అసలు కదలకపోవచ్చు. అప్పటికే ఎత్తే బరువు మాత్రం పెరుగుతుంది. ఎందుకంటే ముందుగా నేర్చుకునేవి నరాలు. ఉన్న కండనే ఎక్కువగా పనిలోకి దింపడం వాటికి అలవాటవుతుంది. కండ లావెక్కడం కంటికి ఆనాలంటే రెండు మూడు నెలలు పట్టవచ్చు. అందుకే చుట్టుకొలతల పక్కనే ఎన్ని దండీలు తీశారో, ఎంత బరువు ఎత్తారో కూడా రాయండి. మీ తలమీద నిలబడ్డ ఈ ఉదయగిరి కొండకోటను శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడించాక గానీ 1514లో గజపతుల నుంచి గెలుచుకోలేకపోయాడు. మూడు నెలలు ఓపిక పట్టలేమా?

చేయి పెరిగినా అది కండే అని నమ్మడానికి లేదు, కొవ్వూ కావచ్చు. అందుకే చేతినీ నడుమునూ పక్కపక్కన పెట్టి చూడాలి. చేయి పెరిగి నడుము అలాగే ఉంటే మంచి దారిలో ఉన్నారు. రెండూ కలిసి పెరుగుతుంటే తిండినీ పరుగునూ సరిదిద్దుకోండి. పోషకాహార సర్వేల్లో దీనికొక లెక్క ఉంది: చేయి వెనక భాగంలో చర్మాన్ని మడతపట్టి, ఆ మందాన్ని 3.14తో హెచ్చవేసి, చుట్టుకొలతలోంచి తీసేస్తారు. మిగిలింది కండ చుట్టుకొలత. 30 సెంటీమీటర్ల చేతికి ఒక సెంటీమీటరు మడత ఉంటే లోపలి కండ 27 కన్నా కొంచెం తక్కువే. ఆరు నెలలు నిండి, ఐదేళ్ళలోపు ఉన్న పిల్లల చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్కిస్తారు. పసివాళ్ళ ప్రాణాలను కాపాడే కొలత ఇది, దాన్ని ఫొటోల కోసం వాడే ఆటవస్తువుగా చూడకండి.

ఇక ప్రోటీన్ పొడి డబ్బాల సంగతి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో, ఒళ్ళు పెంచడానికి ప్రోటీన్ పొడుల జోలికి వెళ్ళొద్దని చెప్పింది. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రోటీన్ అవసరం, బరువులెత్తేవాళ్ళకు ఇంకొంత. వంద గ్రాముల వేరుశెనగ పప్పులో దాదాపు 25 గ్రాములు, వంద గ్రాముల ఉలవల్లో 22, ఒక్కో గుడ్డులో 6. పెసలు, పెరుగు, సోమశిల చేప, ఇవన్నీ మన పళ్ళెంలో ఉన్నవే. నాన్న చేలో చెమటోడ్చి తెచ్చిన డబ్బు డబ్బాకు పోయకండి. కండ పెంచే స్టెరాయిడ్ సూదిమందు పేరెత్తినవాణ్ణి దగ్గరికి రానివ్వకండి. ఆ స్టెరాయిడ్లు గుండెనూ కాలేయాన్నీ పాడుచేస్తాయి, వృషణాలను కుంగదీస్తాయి. మీ వయసులో వాటి మీద పెట్టే ప్రతి రూపాయి మీ మీద మీరు చేసుకునే దాడి.

టేపుకు అందని చోటు కూడా ఒకటుంది, గుండె. ఆత్మకూరు శాసనసభ్యుడు, రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హైదరాబాదులో గుండె ఆగి, 50 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఉదయగిరిలోనే అంత్యక్రియలు జరిగాయి. వ్యాయామం మీద ఎంతో శ్రద్ధ ఉన్న మనిషి. ఎందుకలా జరిగిందో ఊహించి మాట్లాడే హక్కు మనకు లేదు. కండను మాత్రమే చూసి గుండె బాగుందని అనుకోకూడదని గుర్తుంచుకుంటే చాలు. పుస్తకంలో బీపీకీ, షుగరుకూ ఒక గడి పెట్టండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవాళ్ళున్నా, బరువు ముట్టుకోకముందే డాక్టరును కలవండి.

చెల్లెళ్ళూ, ఈ పుస్తకం మీదీ. శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. మొదట చెప్పిన 2022 పోలీసు నోటిఫికేషన్‌లోనే మహిళా కానిస్టేబుల్‌కు 152.5 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు అడిగారు. ఆ బరువు అందక ఆగిపోయే అమ్మాయి మన పల్లెల్లో ఉండకూడదు. కండ పెరిగితే మగవాళ్ళలా అవుతామన్న భయం వద్దు, ఆడవాళ్ళ ఒంట్లో అందుకు కావలసిన హార్మోన్ చాలా తక్కువ. పెరిగేది బలం, ఎముక గట్టిదనం. అమ్మలారా, అన్నం పెట్టేటప్పుడు అబ్బాయికి వేసే గుడ్డు అమ్మాయికీ వేయండి.

వింజమూరు, దుత్తలూరు, మర్రిపాడు, అనంతసాగరం, ప్రతి ఊళ్ళోనూ నలుగురు కూడండి. ఒకరినొకరు కొలుచుకోండి. పక్కవాడి అంకెతో పోల్చుకోవద్దు, పోయిన నెల మీ అంకెతోనే పోటీ. బక్కగా ఉన్నవాణ్ణి ఎగతాళి చేసేవాడికి ఆ గుంపులో చోటివ్వకండి. వచ్చే ఆదివారం పొద్దున మొదటి పేజీలో తేదీ వేసి, ఛాతీ రెండు అంకెలూ, చేయీ, నడుమూ, తొడా, పిక్కా, బీపీ రాయండి. రెండో పేజీకి నాలుగు వారాల గడువు. ఈలోగా పరుగెత్తండి, బరువులెత్తండి, కడుపునిండా తినండి, ఎనిమిది గంటలు నిద్రపోండి!