పదో తరగతికి బరువైపోయిన డార్విన్

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పదో తరగతి సైన్సు నుంచి జీవపరిణామాన్ని ఎత్తేసింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న పాఠం 2023 పుస్తకంలో ఒట్టి ‘అనువంశికత’గా మిగిలింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. కోవిడ్ వేళ పిల్లల చదువు బరువు తగ్గించామనీ, ఆ పాఠం పన్నెండో తరగతిలో ఉందనీ సర్కారు సర్దిచెప్పింది. చాలామంది తల్లిదండ్రులకూ ఇది సబబుగానే తోచింది. కోతుల కథ తెలియకపోతే కొంప మునుగుతుందా?

మునుగుతుంది.

బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గర రోనాల్డ్ రాస్ ప్రయోగశాల భవనం నేటికీ ఉంది. 1897 ఆగస్టు 20న, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని రాస్ కనిపెట్టాడు. (కుట్టించుకున్నందుకు ఖాన్‌కు దోమకో అణా ముట్టింది.) 1902లో నోబెల్ వచ్చింది. బడిలో చెప్పే కథ అక్కడితో ఆగిపోతుంది. అసలు చిక్కు తర్వాతే మొదలైంది. 1953 నుంచి ఊరూరా డీడీటీ చల్లి, కోట్లలో ఉన్న కేసులను అరవైల నడుమకు లక్షకు దించారు. 1976లో అవి మళ్లీ 64 లక్షలు దాటాయి. నిఘా సడలడం ఒక కారణం, డీడీటీకి లొంగని దోమలు మరో కారణం. చచ్చినవి చావగా, మందును తట్టుకున్నవే గుడ్లు పెట్టాయి. ఆ గుణం పిల్లలకూ దిగింది. క్లోరోక్విన్‌దీ అదే గతి. దానికి లొంగని ఫాల్సిపేరం పరాన్నజీవి 1973లో అస్సాంలో బయటపడింది. చివరకు ఫాల్సిపేరం మలేరియాకు ఆ మాత్ర మానేసి ఆర్టిమిసినిన్ కలిసిన మందులు వాడవలసి వచ్చింది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే.

కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదు కనుక డార్విన్ తప్పని 2018లో కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్ అన్నారు. దోమను అడిగి ఉంటే బాగుండేది.

ఇక పన్నెండో తరగతి మాట. అక్కడ ఎవరు చదువుతారు? పది దాటితే జీవశాస్త్రం బైపీసీ పిల్లలకే. ఎంపీసీ, ఎంఈసీ, సీఈసీ వాళ్లు దానికి పదితోనే దండం పెట్టేస్తారు. అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కేవాళ్లలో ఎక్కువమంది ఆ బాపతే. బరువే బాధైతే రాస్ కథకు రెండు పేజీలు అతికిస్తే సరిపోయేది. రేపు దోమల మందు కొనే ఫైలు మీద సంతకం పెట్టే అధికారీ ఎంపీసీ నుంచే రావచ్చు. పాత మందు ఎందుకు పనిచేయడం లేదో ఆయనకు ఏ తరగతిలో చెప్పినట్టు?