బండికి మన కొలత తెలియాలి

"ఆడవాళ్ల బండి" అనే మాటను ఎవరు పుట్టించారో గాని, ఆ మాట వెనక ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. ఆమె ఎత్తు ఐదడుగులు, మహా అయితే ఇంకో రెండంగుళాలు. బరువు ఏభై కిలోలు దాటదు. భుజానికి చిన్న సంచి తప్ప ఆమె మోసేదేమీ ఉండదు. వెనక ఎవరినీ ఎక్కించుకోదు. ఈమెను ప్రకటనల్లో చాలాసార్లు చూశాను. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర గాని, కడప ఏడురోడ్ల కూడలిలో గాని ఒక్కసారీ చూడలేదు. అక్కడ కనిపించేవాళ్లు వేరు. కాళ్ల దగ్గర బియ్యం మూట, ముందు నిలబడిన చంటివాడు, వెనక అత్తగారు, హ్యాండిలుకు కూరగాయల సంచి. బండి నడిపే మనిషి మాత్రం ఏ ప్రకటనకూ సరిపోని ఒడ్డూ పొడుగూ.

నేనూ ఆ బాపతే. ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు, బరువు 84 కిలోలు. బరువు అడిగితే పెళ్లినాటి అంకె చెప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది. బండి కొనేటప్పుడు మాత్రం ఆ అలవాటు పనికిరాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

నాకు తెలిసిన టీచరమ్మ ఒకామె ఉంది. నాకంటే ఒక అంగుళం పొడుగు. కర్నూలు నుంచి ఓర్వకల్లు దాటి, లోపలున్న ఒక ఊరి బడికి పోవాలి. బస్సు పెద్దరోడ్డు మీద దింపేసి పోతుంది. అక్కణ్ణుంచి ఆటో దొరికితే ఆటో, లేకుంటే ఎండలో నడక. ఆమె బాధ చూడలేక భర్త ఒక చిన్న స్కూటరు కొనిపెట్టాడు. "తేలిగ్గా ఉంటాది, నీ చేతికి లొంగుతాది" అన్నాడు. తేలిగ్గానే ఉంది పాపం. కాని మలుపు తిప్పినప్పుడల్లా హ్యాండిలు వచ్చి ఆమె మోకాలికి తగిలేది. తగలకుండా ఉండాలంటే మోకాళ్లు రెండూ పక్కలకు జరపాలి. చీర కట్టుకుని అదెలా కుదురుతుంది? సీటు చివరికి జరిగి కూర్చుంటే ముందు చక్రం తేలిపోతున్నట్టుండేది. ఏడాది తిరక్కుండానే ఆ బండి వరండాలో దుప్పటి కప్పుకుంది. టీచరమ్మ మళ్లీ ఆటో కోసం నిలబడుతోంది. రోజూ గంటన్నర దారిపాలు. అడిగితే "నాకు బండి చేతగాదులేమ్మా" అంటుంది.

చేతగాకపోవడం కాదిది. జాకెట్టు గుడ్డ ఇచ్చేటప్పుడు టైలరు దగ్గర టేపు పెట్టించుకుని మరీ కొలతలిస్తాం. భుజం అరంగుళం బిగిసినా విప్పి కుట్టమంటాం. లక్ష రూపాయల దాకా పోసి కొనే బండికి మాత్రం రంగు చూసి ఊరుకుంటాం!

ఈ "ఆడవాళ్ల బండి" లెక్క ఇవాళ్టిది కాదు. 1972లో లూనా వచ్చింది, 1980లో టీవీఎస్ 50, 1984లో కైనెటిక్ హోండా. కిక్కు కొట్టే పని లేదు, గేర్లు మార్చే పని లేదు అని మొదట సంబరపడింది మనమే. ఆ తర్వాత బజాజ్ సన్నీ, స్కూటీ వచ్చాయి. చిన్నమ్మాయిలు కాలేజీకి పోవడానికి చేసిన బళ్లు అవి. ఆ పని అవి చక్కగా చేశాయి, కాదనను. ఎంతోమంది ఆడపిల్లలకు మొదటి రెక్కలు అవే. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆ కాలేజీ అమ్మాయి కొలతే ఆడవాళ్లందరి కొలతా అయి కూర్చుంది.

చట్టమూ మనల్ని ఒక వైపు నుంచే చూసింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకునే చోటు ఉండాలి, వాళ్ల బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే ఏర్పాటు ఉండాలి. మనం శారీ గార్డు అనేది దీన్నే. చాలా మంచి నిబంధన. ఎన్ని ప్రాణాలు కాపాడిందో. కాని చీర వెనక సీటులోనే ఉంటుందని ఎవరో ముందే నిర్ణయించేసినట్టు లేదూ?

ఇక షాపుల సంగతి. పేరు చెప్పను గాని, ఒక షోరూముకు పోతే అక్కడి అబ్బాయి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీకేం మేడమ్, ఎత్తు ప్రాబ్లమే లేదు, కాళ్లు ఈజీగా అందుతాయి" అన్నాడు. వాళ్ల దృష్టిలో ఎత్తు అంటే కాలు నేలకు అందడం, అంతే. పొట్టివాళ్లకు అది అవసరమే. పొడుగువాళ్ల బాధ నేల అందకపోవడం కాదు, ఉన్న కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలన్నది! పక్కనున్న ఇంకో అబ్బాయి "అన్నను పిల్చుకొని రాండి మేడమ్, మాట్లాడదాం" అన్నాడు. డబ్బు నాది, మోకాళ్లు నావి, మధ్యలో అన్న ఎందుకో నాకర్థం కాలేదు.

కాగితం మీద అంకెలు చూసినా ఈ గుట్టు బయటపడదు. స్కూటీ పెప్ ప్లస్ సీటు ఎత్తు 768 మిల్లీమీటర్లు. యాక్టివా 6జీదీ దాదాపు అంతే. స్ప్లెండర్ ప్లస్‌ది 785. అంత పెద్ద బుల్లెట్ 350ది 805. అంటే చిన్న బండికీ బుల్లెట్‌కీ సీటులో తేడా ఒకటిన్నర అంగుళమే. కూర్చుంటే మాత్రం ఎంతో తేడా. మోటారు సైకిలు మీద పాదాలు మనకు దాదాపు కిందుగా ఉంటాయి, మోకాళ్లు ట్యాంకుకు అటూ ఇటూ సర్దుకుంటాయి. స్కూటరులో రెండు పాదాలూ పలక మీద ముందుకు పెట్టాలి, మోకాలు మడిచి పైకి లేపాలి. కాబట్టి పొడుగు మనిషి చూసుకోవాల్సింది నేల నుంచి సీటు ఎంత ఎత్తని కాదు. పాదాలు పెట్టే పలక నుంచి సీటు ఎంత ఎత్తు, సీటు నుంచి హ్యాండిలు ఎంత దూరం అని. ఈ రెండూ ప్రకటన కాగితంలో నాకు ఎక్కడా కనబడలేదు. బ్యాటరీ బళ్లు చూసేవాళ్లు మరీ గమనించాలి. వాటిలో కొన్నింటికి బ్యాటరీ సరిగ్గా పాదాల కిందే ఉంటుంది. పలక కాస్త పైకొచ్చిందా, మోకాలూ అంతే పైకొస్తుంది.

అంకె లేనప్పుడు ఒళ్లే టేపు. రోజూ కట్టుకునే చీరతోనో, వేసుకునే చుడీదార్‌తోనో, రోజూ తొడుక్కునే చెప్పులతోనే షాపుకు పోండి. సీటు మధ్యలో నిటారుగా కూర్చోండి. పాదాలు రెండూ పలక మీద పెట్టి హ్యాండిలు కుడికి చివరిదాకా, ఎడమకు చివరిదాకా తిప్పండి. మోకాలికీ హ్యాండిలుకూ మధ్య పిడికిలి పట్టాలి. పట్టకపోతే ఎంత ముద్దొచ్చినా ఆ బండి దిగేయండి. సందులో వెనక్కి మళ్లించేటప్పుడు, పక్కనుంచి ఎద్దో గేదో అడ్డం వచ్చినప్పుడు, ఆ పిడికిలంత జాగానే మనల్ని నిలబెడుతుంది. ఇంకో మాట. షాపు చుట్టూ ఒక్క రౌండు కొట్టి "బాగుంది" అనొద్దు. మోకాలి నొప్పి రెండు నిమిషాల్లో రాదు. ఇరవై నిమిషాలన్నా నడపనివ్వమని అడగాలి.

ఇప్పుడు బరువు దగ్గరికొద్దాం. బండి ఎంత మోయగలదో దాంతోపాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100కి కంపెనీ చెప్పే అంకె 130 కిలోలు. కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డల మూటలు మోసుకొచ్చే ఎక్స్‌ఎల్‌లు చూసినవాళ్లు ఈ మాటకు నవ్వుతారు. మోస్తుంది, నిజమే. మోసినదానికీ, మోసి సమయానికి ఆగినదానికీ తేడా ఉంది. నా లెక్కే చూడండి. నేను 84, వెనక మా అమ్మ 60, సంచి పది. కలిపితే 154. ఇక్కడ నేను పెళ్లినాటి 58 చెప్పుకుంటే కాగితం మీద 128 అవుతుంది, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రోడ్డు మీద ఎక్కేది మాత్రం 84 కిలోల మనిషే కదా.

"లావుగా ఉన్నారు కదా, తేలిక బండి తీసుకోండి, తోసుకోవడానికి వీలు" అనే సలహా ఒకటి తరచు వింటాం. ఇది తలకిందుల సలహా. తొంభై కిలోల బండి మీద ఎనభై కిలోల మనిషి కూర్చుంటే బండి మనం చెప్పినట్టు ఒరుగుతుంది గాని, తన నిలకడ తనకుండదు. దానికితోడు చాలా స్కూటర్లకు వెనక షాక్ అబ్జార్బరు ఒక్కటే, అదీ ఒక పక్కనే. ఇద్దరు ఎక్కితే గుంతలో అది పూర్తిగా అణిగి, ఆ దెబ్బ నడుముకు తగులుతుంది. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి మీద వేసిన రోడ్లు ఎలా అలలు తిరుగుతాయో ఆ దారిన పోయేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒళ్లున్నవాళ్లు కొంచెం బరువైన, కనీసం ముందు చక్రమన్నా 12 అంగుళాలున్న, 125 సీసీ స్కూటరు వైపు చూడటం మేలు. సుజుకీ యాక్సెస్, బర్గ్‌మన్, జూపిటర్ 125 వంటివి ఆ కోవలోవి. బర్గ్‌మన్‌లో కాలు కాస్త ముందుకు చాపుకునే వీలు కూడా ఉంది. కొన్ని బళ్లకు వెనక స్ప్రింగు బిగువు మార్చే మెట్లుంటాయి. షాపువాడు సన్నటి మనిషికని పెట్టిన మెట్టులోనే బండి ఇచ్చేస్తాడు. "నా బరువు ఇంత, వెనక మనిషి ఉంటారు, బిగువు పెంచు" అని నోరు తెరిచి చెప్పాలి.

టైరు పక్కన ఉండే అంకెలు కూడా ఒకసారి చదవండి. 90/100-10 53జె అని ఉందనుకోండి. చివరి 53 ఆ టైరు మోసే బరువుకు గుర్తు. 53 అంటే 206 కిలోలు. 54 అయితే 212. ఇది ఒక్క టైరు లెక్క, అదీ గాలి నిండుగా ఉన్నప్పటి మాట. స్కూటరు ఇంజను వెనకే ఉంటుంది, మనమూ వెనకే కూర్చుంటాం, మన వెనక ఇంకొకరు. సగానికి బాగా ఎక్కువ భారం వెనక టైరు మీదే పడుతుంది. ఒక్కరే పోతే ఎంత గాలి, ఇద్దరైతే ఎంత అని పుస్తకంలో వేరువేరుగా రాసి ఉంటుంది. పంక్చరు షాపులో "ఎంత పెట్టాలక్కా?" అంటే "చూసి పెట్టు నాయనా" అనకుండా అంకె చెప్పండి.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. పాలకోవా కోసమైనా ఆ దారిన పోని వాళ్లు అరుదు. ఎక్కేటప్పుడు చిన్న ఇంజను ఇద్దరితో మూలుగుతుంది, అది చెవికి వినిపిస్తుంది కాబట్టి జాగ్రత్తపడతాం. దిగేటప్పుడే అసలు ప్రమాదం. గేరు బండైతే కింది గేరులో ఇంజనే పట్టి దింపుతుంది. గేర్లు లేని స్కూటరుకు ఆ పట్టు తక్కువ, భారమంతా బ్రేకుల మీదే. మనిషి బరువు పెరిగేకొద్దీ బ్రేకులు వేడెక్కడం పెరుగుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు బళ్లకు ముందూ వెనకా కలిసి పట్టే బ్రేకో, లేదా ఏబీఎస్సో తప్పనిసరి చేశారు. అంతకు ముందుది పాత బండి చవకగా వస్తోందని కొనేటప్పుడు ఈ సంగతి అడగాలి.

ఇంత చెప్పాక ఒకరిద్దరైనా అంటారు, "అంత పొడుగుంటే మోటారు సైకిలే కొనుక్కోవచ్చు గదా" అని. నిజానికి చుడీదార్ వేసుకునే పొడుగు మనిషికి స్ప్లెండర్ లాంటి నూరు సీసీ బండి చాలా స్కూటర్లకంటే సుఖం. కాలికి జాగా, పొడుగు సీటు, వెనక రెండు షాక్ అబ్జార్బర్లు. 2018లో హైదరాబాదు నుంచి జై భారతి, మరో ముగ్గురు మహిళలు మోటారు సైకిళ్ల మీద మెకాంగ్ నది దేశాలు చుట్టి వచ్చారు. కాబట్టి చేతనవుతుందా అనే ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. కాని చీర కట్టుకుని బడికి పోయే టీచరమ్మ, బురఖాలో కడప బజారుకు పోయే అక్క కాలు ఎత్తి అవతలికి వేయలేరు. వాళ్లకు మధ్యలో ఖాళీ ఉన్న బండే కావాలి. వాళ్లలోనూ పొడుగువాళ్లున్నారు, లావువాళ్లున్నారు. మగరాయుడిలా ఉందని మోటారు సైకిలు వద్దని, లావుకు తగ్గ పెద్ద స్కూటరు "నీకెందుకు అంత బండి" అని వద్దని, చివరికి ఇంట్లోవాళ్లు తెచ్చి నిలబెట్టేది ఆ ప్రకటనలోని అమ్మాయి బండినే.

పొదుపు సంఘం అప్పుతోనో, జీతం మీద వాయిదాలతోనో ఈ బళ్లు కొంటున్నాం. మూడేళ్లు వాయిదా కట్టాలి. అందుకే నేను రెండు అడుగుతున్నాను. పలక నుంచి సీటు ఎత్తు, మోకాలికి ఉన్న జాగా, మోయగల బరువు, ఈ మూడు అంకెలూ కంపెనీలు ప్రకటన కాగితం మీదే వేయాలి. జిల్లాల షాపుల్లో కూడా నడిపి చూడటానికి ఒక బండి ఎప్పుడూ ఉంచాలి, అదీ వెనక మనిషిని ఎక్కించుకుని నడపనిచ్చేలా. ఇందులో వాళ్లకు పెద్ద ఖర్చేం లేదు. అప్పటిదాకా మనం పోయేటప్పుడు అమ్మనో అత్తనో వెంటబెట్టుకుని, సంచి నింపుకుని మరీ పోదాం. వెనక కూర్చోబెట్టి నడపనివ్వం అంటే ఇంకో షాపు చూసుకోవడమే. కర్నూలులోనూ కడపలోనూ బళ్ల షాపులకు కరువు లేదు.