చిన్న ఇంజనే పాత సెడాన్‌కు బలం



పదేళ్లు దాటిన మధ్యతరహా సెడాన్ మాట వస్తే చాలు, ‘ఇంజను చిన్నది, బండి లాగదు, వదిలించుకోండి’ అనే సలహా తప్పకుండా వినిపిస్తుంది. ఆ చిన్న, సాదా ఇంజను ఉండబట్టే ఈ కార్లు పాతబడ్డాక కూడా మామూలు కుటుంబం భరించగలిగేలా ఉన్నాయని నా వాదన. 2014లో వచ్చిన మారుతీ సియాజ్ పెట్రోలు కారునే చూడండి. ఇంజను 1,373 సీసీ, శక్తి 92 పీఎస్. అంత పొడవైన కారైనా బరువు టన్నుకు కాస్తే ఎక్కువ. టన్నుకు 90 పీఎస్ దాకా పడుతుందన్నమాట. 103 పీఎస్ ఉన్న 1.5 లీటర్ల బ్రెజా బరువు 1,100 కిలోలు దాటుతుంది కనుక లెక్క ఇంచుమించు అక్కడికే వస్తుంది. దాన్ని లాగదని ఎవరూ అనరు. పైగా సియాజ్ డిక్కీ 510 లీటర్లు, వెనక సీట్లో కాళ్లు చాపుకునేంత చోటు.

శ్రీశైలం ఘాట్‌లో ఏసీ వేసుకుని ఐదుగురితో ఎక్కితే కష్టపడదా అంటారు. పడుతుంది. దీని గరిష్ఠ టార్క్ 130 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎం దగ్గర గానీ అందదు. గేరు దించి ఇంజన్ను తిరగనివ్వాలి, ఓవర్‌టేక్‌కు ఎదుటి దారి ఎక్కువ ఖాళీగా ఉండేలా చూసుకోవాలి. ఈ లోపాన్ని దాచనక్కర్లేదు. 2020 నాటి స్కోడా ర్యాపిడ్‌లోని ఒక లీటరు టర్బో 175 న్యూటన్ మీటర్లను 1,750 ఆర్‌పీఎంకే ఇస్తుంది, నడపడానికి హాయి. కానీ వారంటీ తీరాక టర్బో పోయినా, అధిక పీడనపు ఇంధన పంపు పోయినా బిల్లు మామూలుగా ఉండదు. సియాజ్ 1.4లో ఆ రెండూ లేవు. టైమింగ్ బెల్టు స్థానంలో చైను ఉంది కనుక ఇన్ని కిలోమీటర్లకోసారి బెల్టు మార్పించే పనీ లేదు. ఇదే ఇంజను 2012 ఎర్టిగాలోనూ ఉంది. అందుకే చిన్న ఊళ్ల షెడ్లలో కూడా దీన్ని విప్పి బిగించగలవాళ్లు దొరుకుతారు. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుతో మైలేజీ కొంత తగ్గే మాటా నిజమే. రబ్బరు పైపులు, సీళ్లు చూపించి అవసరమైతే మార్పించుకోవాలి. కొత్త కారు కిస్తీలతో పోలిస్తే ఆ ఖర్చు చిన్నదే.

అసలు బరువైన అభ్యంతరం భద్రతది. మన దేశంలో అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019లోనే. అంతకుముందు చౌక వేరియంట్లలో ఏదో ఒకటి కొరవడే అవకాశం ఉంది. ఏబీఎస్, ముందు ఎయిర్‌బ్యాగులు రెండూ లేని కారును ఎంత తక్కువకు ఇచ్చినా కొనకూడదు. ఈ విషయంలో రాజీ లేదు.

కొనదలచినవారికి నా విన్నపం ఒక్కటే. సీసీల అంకె పక్కన పెట్టి సర్వీసు రికార్డు, టైర్లు, ఆర్‌సీ గడువు చూసి బేరమాడండి. 2014లో రిజిస్టరైన కారుకు 15 ఏళ్ల గడువు 2029లో తీరుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితేనే ఆర్‌సీ రెన్యువల్. 600 రూపాయలుండే ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 5,000కు పెంచారు. ఆ ఖర్చు కూడా ఇప్పుడే ధరలో తగ్గించి అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ